బండ దగ్గరి నల్లా

నాకు మా వదినంటే పడేది కాదు. ఇప్పటికీ పెద్దగా పడుతుందని చెప్పను. మనిషి మంచిదే, అదే నా బాధ. చెడ్డదైతే నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని.

జనగామలో మా ఇంటి మిద్దె మీద బాపు నీళ్ల ట్యాంకు కట్టించాడు. బావికి మోటరు పెట్టి ట్యాంకులోకి నీళ్లెక్కించి, అక్కడి నుంచి ఇల్లంతా ఇనుప పైపులు దింపించాడు. అప్పటి నుంచీ ఏదో ఒక అతుకు దగ్గర చెమ్మ కనపడేది. ధారగా కారితే పట్టించుకునేవాళ్లమేమో, అదీ కాదు. చుక్క మెల్లగా ఊరి, కాసేపు వేలాడి, పడేది. బచ్చన్నపేటలో పొలం పనులన్నీ పాలేర్లకు అప్పజెప్పిన మనిషి, పైపుల మీద మాత్రం ఇంకొకరి చెయ్యి పడనిచ్చేవాడు కాదు. నా చెయ్యి తప్ప.

అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమానికి బడులు మూతపడ్డాయి. అన్న దోస్తుల వెంట తిరిగితే నేను బాపు వెంట తిరిగాను. ఆయన పానా పట్టి అతుకు విప్పేవాడు. పక్కన పీట వేసుకుని కూర్చుని, పైపు మరల్లో ఇరుక్కున్న పాత నారను గీకి తీయడం నా పని. కొత్త జనపనారను దువ్వెనతో చిక్కు తీసి అందిస్తే, ఆయన మరల మీద చుట్టి, పైన సఫేదా అనే తెల్ల ముద్ద పూసి బిగించేవాడు. బట్టలుతికే బండ దగ్గరి నల్లాకు మాత్రం నాతోనే చుట్టించాడు. ఆయన ఎట్లా చుడతాడో అట్లాగే చుట్టాను. "మంచిగ చుట్టినవ్ బిడ్డా" అన్నాడు. ఆ ఒక్క మాటతో చాలా ఏళ్లు కడుపు నింపుకున్నాను.

బిగించేటప్పుడు సగం నార బయటికి వచ్చి గడ్డంలా వేలాడేది. కొన్నాళ్లకు మళ్లీ చెమ్మ. బాపు ఒకసారి నారను తిట్టేవాడు, ఒకసారి సఫేదాను. నేనూ ఆయనతో కలిసి తిట్టేదాన్ని.

పెళ్లయి నేను మానుకోట పోయాక అన్నకు కాటారం పిల్లను చేశారు. వాళ్ల పుట్టింట్లో పొలానికి ఆయిల్ ఇంజను ఉండేదట, చిన్నప్పటి నుంచి పైపులు విప్పి బిగించిన చేతులట. ఆ సంగతి ఎవరూ నాకు చెప్పలేదు. ఎండాకాలం పుట్టింటికి వచ్చి గుమ్మంలో సంచి దించేసరికి కళ్లారా చూశాను. బాపు పక్కన నా పీట మీద వదిన కూర్చుని నార చుడుతోంది. పక్కన నా పాత దువ్వెన.

బాపు నన్ను చూసి లేచి వచ్చాడు. ఎట్లున్నవని అడిగాడు, అడిగిన వెంటనే వదిన చేసిన అతుకులన్నీ వరసగా చూపించాడు. ఒక్క చుక్క లేదని మురిసిపోయాడు. ఆయన అటు తిరగగానే ప్రతి అతుకు కిందా వేలు పెట్టి చూశాను. తడి తగలాలని దేవుడికి మొక్కాను కూడా. అన్నీ పొడిగానే ఉన్నాయి. నా ఒళ్లంతా మండిపోయింది.

వంటింట్లో, ఏదో మాటవరసకు అన్నట్టు, అదెట్లా చేశావని వదినను అడిగాను.

"బిగించే దిక్కుకే చుట్టాలె. మామది పుర్రచెయ్యి గద, ఎదురు చుడ్తడు. బిగిస్తుంటే నార ఊడొస్తది" అంది. తర్వాత గొంతు తగ్గించి, "మామకు చెప్పలే. నేను చుడ్త, మీరు బిగియుండ్రి అన్న, అంతే" అంది.

బాపు ఎడమ చేత్తో అన్నం తినబోతే నాయినమ్మ చెయ్యి మీద కొట్టిన కథలు నేను పుట్టినప్పటి నుంచి విన్నాను. ఆ చేతిని ఏళ్ల తరబడి పక్కన కూర్చుని చూశాను. నాకు తోచనిది నిన్నగాక మొన్న వచ్చిన ఈమెకు తోచింది. పైగా ఆయన పరువు కూడా కాపాడుతోంది. అది కూడా నా పనే కదా. పని నేర్చినందుకంటే దానికే ఎక్కువ కుళ్లుకున్నాను.

సాయంత్రం కాళ్లు కడుక్కోవడానికి బండ దగ్గరికి పోతే ప్రాణం లేచి వచ్చింది. అక్కడి నల్లా చెమ్మగిల్లి కారుతోంది, కింద ఒక ముంత పెట్టి ఉంది. ఇల్లంతా వినపడేలా వదినను పిలిచాను.

"గిదెందుకు బాగు చెయ్యలే? నీతోని కాలేదా?"

వదిన చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"మామ ముట్టనిస్తలేడు. గది నా బిడ్డ చుట్టింది, ఉండనియ్యి అంటడు."

చుక్క ఊరి ముంతలో పడింది. ముంత నిండే ఉంది. రోజూ ఆ నీళ్లు మిరప మొక్కలకు పోసేది తనేనట, అలవాటుగా చెయ్యి చాచింది.

నేను అందనివ్వలేదు. నేనే తీసుకుపోయి పోశాను. పుట్టింట్లో ఉన్నన్నాళ్లూ ఆ ముంతను ఆమె చేతికి పోనివ్వలేదు.