లబీబా ఎత్తిన మూత

తసోని లబీబా ఎవరింటికి వెళ్ళినా కూర్చోకముందే వంటింట్లోకి నడిచేది. పొయ్యి మీది గిన్నె మూత ఎత్తి చూసేది. యోగక్షేమాలన్నీ ఆ తర్వాతే. నైలు తూర్పు గట్టున, తెల్లరాయి గనుల పక్కనున్న మా ఊళ్ళో ఇరవై రెండేళ్ళపాటు ఆమె చేసిన సేవ ఇది. తసోని అంటే అక్క అని అర్థం. చర్చి పని చేసే ఆడవాళ్ళను అలాగే పిలుస్తాం, పిలవక తప్పదు కనుక.

బీదవాళ్ళను మా చర్చిలో ప్రభువు తమ్ముళ్ళు అంటారు. మాట గొప్పదే. క్రిస్మస్‌కి ఆ తమ్ముళ్ళకు తలా ఒక సంచి ఇస్తారు. అందులో ఒక కోడి, బియ్యం, నూనె, దుప్పటి ఉంటాయి. ఎవరు అసలు తమ్ముడో తేల్చేది లబీబా. ఇంట్లో ఫ్రిజ్ కనిపిస్తే తమ్ముడు కాదు. టీవీ ఉంటే అసలే కాదు. ఒక ముసలావిడ గోడకు కొత్త అద్దం తగిలించిందని ఆ ఏడు ఆమె పేరు కొట్టేసింది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని పెద్దలు ఊరికే అనలేదు. అలాగని లబీబా దొంగ కాదు. ఒక్క బియ్యపు గింజ ఇంటికి పట్టుకుపోలేదు, అదే ఆమె పొగరు. పెళ్ళి లేదు, పిల్లలు లేరు, ఏ ఉపవాసమూ తప్పలేదు. తనకు లేనివి ఎదుటివాళ్ళకూ ఉండకూడదన్నదే ఆమె భక్తి. చేత్తో తాకి చూడగలిగే వస్తువుల్లో తప్ప దేవుణ్ణి ఇంకెక్కడ వెతకాలో ఆమెకు తెలియదు.

క్రిస్మస్‌కి ముందు నలభై మూడు రోజులు మావాళ్ళు మాంసం, పాలు, గుడ్లు ముట్టరు. అందులో ఇరవయ్యో రోజున లబీబా వనీస్ ఇంటికి వెళ్ళింది. వనీస్ పదిహేనేళ్ళు గనిలో రాయి కోశాడు. ఆ పొడి ఊపిరితిత్తుల్లో పేరుకుపోయి, ఇప్పుడు గోడవారగా చాప మీద పడి ఉన్నాడు. భార్య దిమ్యానా పొయ్యి ఊదుతోంది. లబీబా మూత ఎత్తింది. ఎముకల చారు.

“ఏమిటే ఇది?”

“ఆయనకే తసోనీ. చిక్కుడు గింజలు మింగలేకపోతున్నాడు. చారు పట్టమన్నాడు డాక్టరు. అబూనా కూడా సరేనన్నాడు.”

అబూనా అంటే మా చర్చి గురువు. వారం కిందటే బిషప్ గారి దగ్గరికి వెళ్ళాడు, పండగ ముందు రోజు గానీ రాడు.

“ఆయన ఊళ్ళో లేడుగా, ఎవరికి తోచింది వాళ్ళు చెప్పుకోవచ్చు!”

“ఫోన్ చేసి అడగమ్మా.”

“బిషప్ గారి ముందున్న మనిషిని నీ గిన్నె కోసం పిలవనా? ఎముకలు కొనడానికి డబ్బులుంటాయి, సంచికి మాత్రం చెయ్యి చాపుతావు.”

“కొనలేదు తసోనీ, కసాయి ఊరికే ఇచ్చాడు.”

“ఊరికే వస్తే పాపం కాకుండా పోతుందా? పారబొయ్యి.”

దిమ్యానా కదల్లేదు. లబీబా తనే గిన్నె దించి గుమ్మం బయట కుమ్మరించింది. కుక్కలు చేరాయి. ఆమె జాబితా తీసి వనీస్ పేరు కొట్టేసి, “పండగలోగా బుద్ధిగా ఉంటే అప్పుడు చూద్దాం” అని వెళ్ళిపోయింది.

ఆ రోజు నుంచి వనీస్ చారు తాగనని భీష్మించుకున్నాడు. “నా నాలుక కోసం పిల్లల దుప్పటి పోగొడతావా? ఇక వండకు” అన్నాడు పెళ్ళాంతో. ఆమె ఏడ్చింది, తిట్టింది, కాళ్ళు పట్టుకుంది. అతను చిక్కుడు ఉడికిన నీళ్ళు మాత్రం తాగేవాడు. పది రోజుల తర్వాత లబీబా మళ్ళీ వచ్చి మూత ఎత్తి చూసింది. గిన్నెలో చిక్కుళ్ళే ఉన్నాయి.

“ఇదీ పద్ధతంటే! ఇప్పుడు ప్రభువు తమ్ముడిలా ఉన్నావు వనీసూ” అని మెచ్చుకుని అతని పేరు మళ్ళీ రాసింది. ఆ పది రోజుల్లో అతని బుగ్గలు ఎంత లోపలికి పోయాయో ఆమె చూడలేదు. ఆమె వచ్చింది గిన్నె చూడడానికి.

పండగ ముందు రోజు మధ్యాహ్నం అబూనా తిరిగొచ్చాడు. సంచుల దగ్గర నిలబడి జాబితా చదువుతూ, “వనీస్‌కి చారు పడుతున్నారా? నేనే పట్టమన్నాను” అన్నాడు.

“ఉపవాసం ఉంటున్నాడు అబూనా. నేనే దారిలో పెట్టాను.”

ఆయన జాబితా కింద పెట్టేశాడు. “అతని నోటి దగ్గర గిన్నె లాక్కున్నావా లబీబా? పో, ఇప్పుడే వండి పట్టుకెళ్ళు.”

లబీబా ఇంటికి పరుగెత్తింది. తన పండగకి తెచ్చుకున్న కోడిని కడిగింది, పొయ్యి వెలిగించింది. అంతలో కిటికీలోంచి పొద్దు వంక చూసింది. ఇంకో ఆరేడు గంటలైతే పండగ రాత్రి పూజ ముగుస్తుంది, ఉపవాసం దానంతటదే తీరిపోతుంది. ఇరవై మూడు రోజులు ఆగినవాడు ఈ కాస్తా ఆగలేడా? ఉపవాసపు రోజున తన పొయ్యి మీద మాంసం ఉడకడానికి ఆమెకు మనసొప్పలేదు. పొయ్యి ఆర్పేసి చర్చికి వెళ్ళి, పూజంతా ముందు వరసలో నిలబడింది.

పండగ పొద్దున్నే చారు గిన్నె, సంచి మోసుకుని వనీస్ ఇంట్లో అడుగుపెట్టింది. దిమ్యానా గిన్నె అందుకుని పిల్లలకు పోసింది. ఒక చెంచా మొగుడి పెదాల మధ్య పట్టింది. చారు గడ్డం మీంచి కారిపోయింది. మళ్ళీ పట్టింది. మళ్ళీ కారింది.

“నిన్న సాయంత్రం దాకా రెండు చెంచాల నీళ్ళు దిగేవి తసోనీ” అంది దిమ్యానా. “రాత్రి నుంచి అవీ దిగట్లేదు.”

వనీస్ కళ్ళు తెరిచాడు. “నా ఉపవాసం చెడలేదుగా తసోనీ?”

“లేదు నాయనా.”

“అయితే రాసుకో.”

లబీబా వెళ్ళబోయింది. దిమ్యానా చెయ్యి పట్టుకుని చాప మీద కూర్చోబెట్టింది. “పండగ పూట వచ్చినదానివి, తినకుండా పోతే ఎలా? నువ్వూ ఉపవాసమున్నదానివేగా.” ఆ గొంతులో ఎగతాళి లేదు, కోపమూ లేదు. తిట్టినా బాగుండేది. మిగిలిన చారు కంచు గిన్నెలో పోసి ఆమె చేతికిచ్చింది.

ప్రభువు తమ్ముళ్ళు, ప్రభువు తమ్ముళ్ళు అని ఇరవై రెండేళ్ళు నోరారా అన్నది గానీ, లబీబా వాళ్ళలో ఒక్కరి చాప మీద కూడా ఎన్నడూ కూర్చోలేదు. తమ్ముడు ఇక్కడ పడి ఉంటే అన్న కూడా ఈ చాప మీదే ఉంటాడన్నది ఇప్పుడు తట్టింది. తట్టి ఏం లాభం? ఇక్కడ ఫ్రిజ్ లేదు, టీవీ లేదు, కొట్టేయడానికి ఏమీ లేదు. ఆమె చెంచా నోట్లో పెట్టుకుంది. కన్నీళ్ళు గిన్నెలో పడుతున్నా తుడుచుకోలేకపోయింది.

వనీస్ ఆమె నోటి వంకే చూస్తున్నాడు.

“ఉప్పు సరిపోయిందా తసోనీ?” అని అడిగాడు.

సరిపోయిందని చెప్పి, అతను చూస్తుండగానే, ఆమె ఆ గిన్నె అడుగుదాకా తాగింది.