ముఖం ఎర్రబడితే

నాబ్లస్ పట్టణం పాతబజారులో మందుల కొట్టు నడిపే మున్జిర్ ఆరడుగుల మనిషి, గొంతు గంభీరం. కానీ ఆడమనిషి ఎవరైనా సూటిగా చూసి మాట్లాడితే చాలు, మెడ దగ్గర మొదలైన ఎరుపు చెవుల దాకా పాకుతుంది. అప్పుడతను వెనక్కి తిరిగి, అక్కర్లేకపోయినా అరలోని సీసాలు సర్దుతాడు. మొన్న శుక్రవారం తల్లితో, అక్క రిహాబ్‌తో కలిసి పెళ్లిచూపులకు వెళ్లాడు. కాఫీ తాగుతుండగా పిల్ల మేనత్త అడిగింది: "ఇదివరకు ఎవరినైనా ఇష్టపడ్డావా, నాయనా?" ఎవరూ లేరు. ఆ మాట చెప్పేలోపే ముఖం జేవురించింది. "లేదండీ" అన్నాడు తడబడుతూ. "నోరు లేదంటోంది, ముఖం ఉందంటోంది! తప్పు చేయని మగాడికి సిగ్గెందుకొస్తుంది?" అందామె. సాయంత్రానికల్లా సంబంధం వద్దని కబురొచ్చింది.

"ఏం చెయ్యనక్కా, నా చేతిలో లేదు" అన్నాడు మున్జిర్.

"ఊరుకోరా," అంది రిహాబ్, చంకలో బిడ్డను సర్దుకుంటూ. "నన్ను చూడ్డానికి వచ్చిన రోజు నా ముఖమూ ఇలాగే ఎర్రబడింది. వద్దని చెప్పబోయాను, భయంతో మాట రాలేదు. 'పిల్ల సిగ్గుపడింది, ఒప్పుకున్నట్టే' అన్నారు."

ఆ రోజు బజారుకు పరుగెత్తి, కునాఫా పళ్లెం తెచ్చి అందరి నోళ్లూ తీపి చేసింది మున్జిరే.