నూనె తాగిన గెజిట్లు

ఈశ్వరప్ప చేసిన తప్పు అనంతపురం జిల్లావాడు తప్ప మరొకడు చేయలేడు. తోలు అట్టలున్న పాత సర్కారు గెజిట్లకు ఆయన వేరుశనగ నూనె పూశాడు.

వానలు వరసగా ఎగ్గొట్టిన కాలంలో బెళుగుప్ప నుంచి కూలికి వచ్చి, అనంతపురంలోని ఒక సర్కారు లైబ్రరీలో పుస్తకాలు మోశాడు. మోస్తూ మోస్తూ బైండింగ్ నేర్చుకున్నాడు, అటెండరయ్యాడు. భార్య పోయాక ఇల్లూ వాకిలీ ఆ బీరువాలే అయ్యాయి. మా ఎండలకు మనుషుల మడమలు పగిలినట్టే పుస్తకాల తోలూ పగిలేది. మడమలకు ఏం రాస్తామో దానికీ అదే రాశాడు, ఏళ్ల తరబడి. ఉద్యోగ ప్రకటనల కోసం రోజూ అక్కడ కూర్చునే నేను ఆ కమ్మటి వాసనకు ఆకలితో చచ్చేవాణ్ణి.

2006 ఎండాకాలంలో స్కానింగ్ వాళ్లు దిగారు. పాత గెజిట్లు, కరువు నివేదికలు, కేటలాగు అన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాలని పైనుంచి ఉత్తర్వు. మిషన్ దగ్గర కూర్చున్న రేఖది పామిడి. చివర్లో గెజిట్ల వంతు వచ్చి, మొదటిది తెరవగానే ఆ అమ్మాయి మొహం మాడ్చుకుంది. అట్టకు పూసిన నూనె లోపలికి దిగి కాగితం పారదర్శకమైపోయింది. తెర మీద ముందు పేజీ అక్షరాలు, వెనక పేజీ అక్షరాలు కలగాపులగంగా కనిపించాయి.

"ఏందన్నా ఇది? ఒక్క ముక్క చదవనీకి కాలేదు. స్కాన్‌కు రాదని రాసేస్తా."

"రాదని రాస్తే ఏం జేస్తారమ్మా?"

"నాకేం తెలుసు? మీ సార్‌నడుగు."

సార్‌ను అడిగే ధైర్యం ఈశ్వరప్పకు లేదు. పనికిరానిదాన్ని సర్కారు ఏం చేస్తుందో ఆయనకు తెలుసు. విరిగిన కుర్చీలు, తుప్పు పట్టిన ఫ్యాన్లు అన్నీ పాత సామాను కొనే గుజిరీ బండెక్కడం చూసినవాడే. ఇప్పుడు తన చేతులతో తనే గెజిట్లను ఆ బండెక్కిస్తున్నట్టయింది.

"యాదన్నా ఉపాయం జెప్పు తల్లీ. రేపు మీరు పోతాండారు కదా."

ప్రతి కాగితం కిందా నల్లటిదేదైనా పెడితే వెనక అక్షరాలు కనపడవేమో చూద్దామంది రేఖ. ఈశ్వరప్ప బైండింగ్‌కు వాడే నల్లగుడ్డ కత్తిరించి తెచ్చాడు. పెట్టి చూస్తే అక్షరాలు స్పష్టంగా వచ్చాయి.

ఇక మొదలైంది యాతన. కాగితాలు ఎగురుతాయని ఫ్యాన్ ఆపేశారు. ఈశ్వరప్ప ఒక్కో కాగితాన్నీ కత్తి మొనతో లేపి, గుడ్డ జరిపి, రేఖ సరేననేదాకా ఊపిరి బిగబట్టేవాడు. నుదుటి మీది చెమట పేజీ మీద పడుతుందేమోనని నేను కాపలా కాసేవాణ్ణి. ఒక కాగితం మూల పుటుక్కున విరిగి రాలింది. ఆయన కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. నాకు కోపం ముంచుకొచ్చింది, ఎవరి మీదో చెప్పలేను.

మర్నాటి సాయంత్రానికి నూనె గెజిట్లన్నీ అయిపోయాయి. గుడ్డ అట్ట వేసిన కరువు నివేదిక ఒక్కటే మిగిలింది. అప్పుడే లైబ్రేరియన్ విష్ణువర్ధన్ సార్ నవ్వుకుంటూ వచ్చాడు.

"భలే చేసినావప్పా ఈశ్వరప్పా! ఇంక వీటన్నిటికీ కట్టలు కట్టు. రేపు గుజిరీవాడు వస్తాండాడు."

"వేటికి సార్?"

"స్కాన్ అయినవాటికే. కంప్యూటర్లో ఉండాయి కదా, ఇంక బీరువాలకు అడ్డమెందుకు? స్కాన్‌కు రానివుంటే మాత్రం ఈడే పెట్టు. వాటికి ఇంకో కాపీ లేదు."

సార్ వెళ్లిపోయాడు. ఈశ్వరప్ప నిలబడ్డచోటే నిలబడిపోయాడు. రెండు రోజులు ఊపిరి బిగబట్టి ఆయన చేసిందేమిటో మా ముగ్గురికీ అర్థమైంది.

రేఖ మెల్లగా చెయ్యి చాపింది. "ఆ ఒక్కటీ ఇయ్యన్నా. పని అయిపోతాది."

ఆయన కరువు నివేదికను రొమ్ముకు హత్తుకున్నాడు. "ఇది రాదమ్మా."

"దానికి నూనె తగల్లేదు కదన్నా. బాగనే ఉండాది."

"రాదు. రాదనే రాసుకో."

రేఖ ఆయన వంక చూసింది, పక్కనున్న గెజిట్ల గుట్ట వంక చూసింది. మిషన్ మూత దించి, రాదనే రాసింది.

మరుసటి పొద్దున గుజిరీ మనుషులు తాళ్లతో వచ్చారు. ఈశ్వరప్ప వాళ్లను గెజిట్లు తాకనివ్వలేదు. గట్టిగా బిగిస్తే అట్టలు విరుగుతాయని, ఒక్కో కట్టా తనే కట్టి ఇచ్చాడు.