అడగడం రానివాళ్ళ లైబ్రరీ

పోయిన నెల ఒక గురువారం పొద్దున మా కాలేజీ లైబ్రరీ తాళం తీస్తుంటే మార్కాపురం నుంచి ఫోన్ వచ్చింది. నేను డిగ్రీ చదివిన కాలేజీలో పనిచేసే అటెండరు. "అక్కా, లైబ్రరీ సారు పోయినాడక్కా. పొద్దున కాఫీ తాగి కుర్చీలో కూర్చున్నాడంట. అట్లనే పోయినాడంట" అన్నాడు. ఆ తర్వాత తలుపు తెరిచానో, అట్లాగే వదిలేసి వచ్చానో గుర్తు లేదు. గిద్దలూరులో బస్సెక్కి బేస్తవారిపేట దాటేదాకా నాకు ఏడుపు రాలేదు. దాటాక వచ్చింది. పక్కన కూర్చున్న పెద్దావిడ ఏమీ అడగకుండా తన నీళ్ళ సీసా నా చేతిలో పెట్టింది.

ఆయన్ని మేం ఎవరమూ పేరుతో పిలవలేదు. లెక్చరర్లకు కూడా ఆయన లైబ్రరీ సారే. పొట్టి మనిషి, పొట్టిచేతుల తెల్ల చొక్కా, బుగ్గన ఎప్పుడూ ఒక లవంగం. జేబులో పెన్నుతో పాటు ఒక బలపం ముక్క ఉండేది. చేతిరాత మాత్రం కోడిగీతలు. పుస్తకాల మీద ఆయన రాసిన నంబర్లు ఆయనకు తప్ప ఇంకెవరికీ అర్థమయ్యేవి కావు. పేజీ మూల మడిచి గుర్తు పెట్టుకునే వాళ్ళంటే పడదు. "పేజీ మూల మడిస్తే నీ చెవి మెలేస్తా" అని అందరినీ బెదిరించేవారు. ఒక్కరి చెవీ మెలేసింది లేదు.

మాది హనుమంతునిపాడు అవతల చిన్న పల్లె. గొర్రెలు మేపుకునే ఇల్లు. డిగ్రీలో చేరిన కొత్తలో నేను రోజూ లైబ్రరీ గుమ్మం దాకా వెళ్ళేదాన్ని, పక్కనున్న నోటీసు బోర్డు చదువుతున్నట్టు నటించి వెనక్కి వచ్చేసేదాన్ని. లోపల ఒక చీటీ నింపాలి. పుస్తకం పేరు, రాసినవారి పేరు, నంబరు, అన్నీ ఇంగ్లీషులో. నాకు ఏ పుస్తకం పేరూ తెలియదు. తెలియదని చెప్పడం అంతకన్నా రాదు. మూడు రోజులు అట్లా జరిగాక నాలుగో రోజు ఆయనే బయటికి వచ్చారు. చేతిలో అంచు విరిగిన పలక. మా మార్కాపురంలో పలకల కంపెనీల బయట అలాంటివి కుప్పలుగా పడి ఉంటాయి.

"ఆ నోటీసు నువ్వు చదవబట్టి మూడు రోజులాయె. పరీక్ష ఫీజు నోటీసు అంత బాగుందా పాపా?" అన్నారు.

నేను తల వంచుకున్నాను.

"ఇదో బలపం. పుస్తకం పేరు తెలీకపోతే వద్దులే. దేని గురించి కావాల్నో తెలుగులో రాయి. నేను చూడను, అటు తిరుగుతా" అని నిజంగానే అటు తిరిగి నిలబడ్డారు.

పాఠాల సంగతి ఏదో రాయాలనుకున్నాను. చెయ్యి మాత్రం 'గొర్రెలకు మూతివాపు' అని రాసింది. ఆ వారం మా మందలో గొర్రెలు మూతులు వాచి, మేత ముట్టక పడిపోతున్నాయి. మా నాయన రాత్రీ పగలూ దొడ్లోనే ఉంటున్నాడు. రాసేశాక సిగ్గేసి చెరపబోయాను. ఆయన పలక లాక్కుని చదివారు. నవ్వలేదు. "మన దగ్గర లేదు తల్లీ. అయితే యాడన్నా ఉంటాది కదా" అన్నారు. మర్నాడు తన పాత స్కూటర్ మీద పశువుల ఆసుపత్రికి వెళ్ళి, డాక్టరు దగ్గర తెలుగులో అచ్చేసిన చిన్న పుస్తకం ఒకటి అడిగి తెచ్చారు. ఆ సాయంత్రం దొడ్లో కూర్చుని అది మా నాయనకు చదివి వినిపించాను. నాలుగు గొర్రెలు పోయాయి, మిగిలినవి నిలబడ్డాయి. అప్పటిదాకా నా చదువు వల్ల ఇంటికి ఏం ఒరిగిందో మా నాయనకు తెలియదు, నాకూ తెలియదు.

ఆ పలక లైబ్రరీ గుమ్మం పక్కన మేకుకు ఎక్కింది. ఎవరికి ఏం కావాలో పేరు లేకుండా రాయొచ్చు. దొరికేదాకా చెరపకూడదు, అదొక్కటే నియమం. చెరిపే ముందు ఆయన ప్రతి మాటనూ ఒక నోటుబుక్కులో ఎక్కించుకునేవారు. ఒకసారి ఎందుకని అడిగితే, "ఇదే నా పరిశోధన" అన్నారు. నాకు నవ్వొచ్చింది. ఆయనకు రాలేదు. "ఎవరొచ్చినారు, ఏం అడిగినారు, మనం ఏం ఇయ్యలేకపోయినాం. పరిశోధనంటే ఇంకేం ఉంటాదమ్మా?" అన్నారు. పుస్తకాలు కొనే కాలం వస్తే ఆ నోటుబుక్కు పట్టుకుని ప్రిన్సిపాల్ గదికి వెళ్ళేవారు. కానిస్టేబుల్ పరీక్ష పుస్తకాలు, కుట్టుపని నేర్పే పుస్తకం, బోరుబావి నీళ్ళ గురించి ఒకటి అట్లా వచ్చినవే. లెక్చరర్లు కొందరు ముసిముసిగా నవ్వుకునేవారు. "నవ్వుకోనీ" అనేవారు సార్.

అంత మాత్రాన ఆయన తప్పులు చేయలేదని కాదు. కంప్యూటర్లు వచ్చిన ఏడు చిన్నపిల్లాడిలా మురిసిపోయారు. వాటికి చోటు కావాలని పేపర్లు చదివే పెద్ద బల్లను వరండాలోకి గెంటించారు. అక్కడ ఎండ, గాలి. పేపర్లు ఎగిరిపోయేవి. పదిహేను రోజులకు పేపరు కోసం వచ్చే పిల్లలే రావడం మానేశారు. వాళ్ళతో పాటు మిగతావాళ్ళూ తగ్గారు. కంప్యూటర్ల ముందు ఎవరూ లేరు. ఒక రోజు నేను వెళ్ళేసరికి సార్, అటెండరు కలిసి చెమటలు కక్కుతూ ఆ బల్లను లోపలికి మోస్తున్నారు. "నేనే తప్పు చేసినా. అడక్కుండా చేసినా" అని గుమ్మంలో నిలబడ్డ పిల్లలందరి ముందూ అన్నారు. ఒక పెద్ద మనిషి తప్పు ఒప్పుకోవడం నేను చూడటం అదే మొదటిసారి. ఆ తర్వాత ఆయన అడగకుండా ఏదీ మార్చలేదు. పల్లెల పిల్లలు సాయంత్రం పుస్తకాలు ఎందుకు తీసుకోవడం లేదో తెలుసుకోవడానికి వారం రోజులు బస్టాండులో నిలబడ్డారు. నాలుగున్నర బస్సు తప్పితే మళ్ళీ చీకటి పడ్డాకే అని వాళ్ళు చెబితే, మర్నాటి నుంచి లైబ్రరీ పొద్దున ఎనిమిదికే తెరిచారు. 'నిశ్శబ్దం' అన్న బోర్డు కూడా ఆయనే పీకేశారు. "నోరు మూసుకుంటే సందేహాలు ఎట్ల తీరతాయి?" అని ఒక మూల మాట్లాడుకోవడానికే వదిలేశారు.

ఇప్పటి పిల్లలకు చదివే అలవాటు పోయిందని ఎవరైనా అంటే మాత్రం ఊరుకునేవారు కాదు. "పిల్లోళ్ళు చెడిపోయినారనడం తేలిక. మనం యాడ చెడిపోయినామో చూడాల" అనేవారు. ఇంకో మాట కూడా అనేవారు, దాన్ని నేను ఎంతమందికి చెప్పానో. "అడగందే అమ్మైనా పెట్టదంటారు. అడగడం రానోళ్ళకు పెట్టేదే లైబ్రరీ."

ఆయన వల్లే నేను లైబ్రరీ సైన్సు చదివాను. "పుస్తకాలు సర్దడానికి కూడా చదువుండాల్నా?" అని మా నాయన ఎగతాళి చేశాడు. గిద్దలూరు దగ్గర కాలేజీలో ఉద్యోగం వచ్చాక ప్రతి శనివారం సాయంత్రం ఐదింటికి సార్‌కు ఫోన్ చేసేదాన్ని. అప్పటికి ఆయన రిటైరయ్యారు. ఆ వారం ఎవరు వచ్చారు, ఏం అడిగారు, ఏం ఇవ్వలేకపోయాను, అన్నీ చెప్పాల్సిందే. పరీక్ష రాసినంత పని. అయినా శనివారం ఎప్పుడొస్తుందా అని చూసేదాన్ని.

రెండేళ్ళ కింద నేను విద్యార్థులకు వాట్సాప్ గ్రూపు పెట్టాను. పాత ప్రశ్నపత్రాలు, నోట్సు, ఏ పుస్తకం ఉందో ఏది లేదో, అన్నీ అందులోనే. పొద్దున అడిగితే మధ్యాహ్నానికి ఫోన్‌లో ఉండేది. పిల్లలు మెచ్చుకున్నారు, నేను పొంగిపోయాను. మెల్లగా రీడింగ్ రూమ్ ఖాళీ అయింది. రెండు నెలల కింద, ఎవరూ రానప్పుడు గది ఎందుకు, కంప్యూటర్ ల్యాబ్ చేద్దామన్నారు మా ప్రిన్సిపాల్. నేను సరేనన్నాను. ఆ శనివారం ఈ సంగతి సార్‌కు గొప్పగా చెప్పాను.

ఆయన చివరిదాకా విన్నారు. తర్వాత, "గ్రూపులో లేనోళ్ళు ఎంతమంది?" అన్నారు.

"ఈ రోజుల్లో ఫోను లేని పిల్లలు ఎవరుంటారు సార్?"

"అది నువ్వు అనుకునేది. కనుక్కొని చెప్పు."

నాకు ఒళ్ళు మండింది. పదేళ్ళ అనుభవం ఉన్నదాన్ని, ఇంకా గుమ్మంలో నిలబడ్డ పిల్లలాగే చూస్తున్నారని అనిపించింది. కనుక్కోలేదు. ఆ తర్వాతి శనివారం ఫోన్ చేయలేదు. దాని తర్వాతిదీ చేయలేదు. మూడోది కూడా. ఆయనే చేస్తారులే అనుకున్నాను. ఆయన ఎప్పుడూ తనంతట తాను చేసే మనిషి కాదని తెలిసి కూడా అనుకున్నాను. నాలుగో శనివారం రాకముందే గురువారం వచ్చింది.

మార్కాపురం నుంచి తిరిగి వచ్చాక చేసిన మొదటి పని, హాజరు పట్టీ పక్కన పెట్టుకుని గ్రూపులో పేర్లు చూసుకోవడం. ఒక్క తరగతిలోనే పదకొండు మంది లేరు. వాళ్ళలో ఒకమ్మాయిని కారిడార్‌లో పట్టుకున్నాను. కొమరోలు వైపు పల్లె, వెనక బెంచీ. ఫోన్ లేదా అని అడిగితే చున్నీ అంచు వేలికి చుట్టుకుంటూ చెప్పింది.

"ఉండాది మేడమ్. మా అన్న దగ్గర ఉంటాది. ఆయన మేకలు తోలుకొని కొండకు పోతాడు. వచ్చేలోపల ఛార్జింగు అయిపోతాది."

"మరి లైబ్రరీకి వచ్చి నన్ను అడగొచ్చు కదా?"

"వచ్చినా మేడమ్, రెండు మాట్లు. మీరు ఫోను చూసుకుంటా ఉన్నారు. గ్రూపులో పెట్టినా కదా అంటారేమోనని ఎల్లిపోయినా."

నా గుమ్మం దాకా వచ్చి వెళ్ళిపోయిన పిల్ల! నేరుగా ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్ళి, గది ఇవ్వనని చెప్పాను. ఆయన ఆశ్చర్యపోయి, "సరే, ఈ సెమిస్టర్ దాకా చూద్దాం" అన్నారు. అంతకన్నా ఏమీ అనలేదు. గది ఉంటుందో పోతుందో ఈ రోజుకీ తెలియదు.

ఆ శనివారం ఐదయింది. చెప్పాల్సిన సంగతి నా దగ్గర ఉంది. వినాల్సిన మనిషి లేడు. ఇంతకు ముందెప్పుడూ ఆయన మీద ఇంత బెంగ కలగలేదు. తిట్టినా బాగుండు, మళ్ళీ కనుక్కోమన్నా బాగుండు అనిపించింది. ఉండబట్టలేక ఆ నంబరుకే చేశాను. సార్ భార్య ఎత్తారు.

"చెప్పు తల్లీ" అన్నారు, ఎదురుచూస్తున్నట్టు.

"మూడు వారాలు చేయలేదమ్మా. కోపం తెచ్చుకున్నాను" అన్నాను.

"తెలుసులే. ఐదయితే ఫోను తెచ్చి ఒళ్ళో పెట్టుకునేవాడు. ఆ పిల్ల కనుక్కుంటా ఉంటాది, పని తెమలక చేయలేదులే అనేవాడు. నువ్వు చేస్తే నాక్కూడా వినపడాలని స్పీకరు పెట్టేవాడు. నాకు లైబ్రరీ సంగతులు ఏం తెలుస్తాయి, అయినా చెప్పు, వింటా."

ఏడుస్తూనే చెప్పాను. పదకొండు పేర్ల సంగతి, అన్న దగ్గరుండే ఫోను, రెండుసార్లు వచ్చి వెళ్ళిపోయిన పిల్ల, ప్రిన్సిపాల్‌తో మాట్లాడింది, అన్నీ. ఆవిడ ఊఁ కొడుతూ విన్నారు. అంతా అయ్యాక అడిగారు.

"అంతా బాగుంది కానీ, ఆ పాపకు ఏం కావాలంట?"

నేను అడగలేదు. ఎందుకు రాలేదని నిలదీశాను, గది కోసం వాదించాను. ఆ పిల్ల ఏం కావాలని రెండుసార్లు నా గుమ్మం దాకా వచ్చిందో అడగనేలేదు.

"అడగలేదమ్మా" అన్నాను.

"సోమారం అడిగి చెప్పు. ఫోను నా దగ్గరే పెట్టుకుంటా."

సరేనన్నాను. ఆవిడ ఫోన్ పెట్టలేదు. అవతల గదిలో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు, ఎవరో వీధిలో పాలవాడితో మాట్లాడుతున్న మాటలు వినిపిస్తూనే ఉన్నాయి. నేను కూడా పెట్టలేదు.