ఆయన ఆదివారాలు, నా మంగళవారాలు

యాభైకి దగ్గరపడిన మగాడు ఊరికే సంతోషంగా ఉంటాడా? ఉండడు. ఉంటాడంటే నేనైతే అప్పుడు నమ్మలేదు.

డెబ్బైల మొదట్లో మేం తెనాలిలో ఉండేవాళ్ళం. వేమూరు వైపు పొలాలు, బజార్లో ఎరువుల కొట్టు. పిల్లలు హాస్టళ్ళలో. మా ఆయన గుమ్మంలోకి వస్తే గుమాస్తాలు గబుక్కున లేచేవారు. నేనూ లేచేదాన్ని. ఎక్కడికి వెళ్ళినా ఆయన ముందు, నాలుగడుగులు వెనకాల నేను. అంత కాపురంలో ఆయన కూనిరాగం తీయగా ఎన్నడూ వినలేదు. అలాంటి మనిషి ఉన్నట్టుండి ప్రతి ఆదివారం రేపల్లె వెళ్ళడం మొదలుపెట్టారు. ఏంటి పనంటే, "కౌలు సంగతులేలే" అనేవారు. సాయంత్రం పాడుకుంటూ వచ్చేవారు. కూరలో ఉప్పెక్కువైనా లొట్టలేసుకుంటూ తినేవారు!

"చిన్నిల్లేమో వదినా, కాస్త చూసుకో" అంది ఎదురింటావిడ.

నోటికి అడ్డూ అదుపూ ఉండక్కర్లేదా అని ఆవిడ మీద లేచాను గానీ, లోపలికెళ్ళి ఆయన చొక్కా వాసన చూశాను. సెంటు లేదు, మల్లెపూలు లేవు. చేపల నీచు! ఆయన చేతులు కడుక్కుంటుంటే ఓరగా చూశాను. అరచేతుల నిండా బొబ్బలు, వాటిమీద కొబ్బరినూనె. ఎవత్తె రాసింది? నా ఒళ్ళు భగ్గుమంది.

మరుసటి ఆదివారం పాత చీర కట్టుకుని, తలమీద కొంగు కప్పుకుని, ఆయనెక్కిన రైల్లోనే ఆడవాళ్ళ పెట్టె ఎక్కాను. రేపల్లెలో దిగి, ఆయన జట్కా వెనకాలే నేనో జట్కా ఎక్కాను.

"ఎక్కడికండి అక్కగారూ?"

"ఆ ముందు బండి ఎక్కడికెళ్తే అక్కడికి."

జట్కావాడు ముసిముసిగా నవ్వాడు. ఎంతమంది పెళ్ళాలను ఇలా మోశాడో అని వాడి మీదా అనుమానమే నాకు.

ముందు బండి పెనుమూడి రేవులో ఆగింది. అక్కడ ఇల్లూ లేదు, ఆడదీ లేదు. కృష్ణానది, ఒక పడవ, ఒక ముసలి పడవతను. మా పెద్దమనిషి చొక్కా విప్పి, పంచె ఎగగట్టి, ముసలతని చేతిలో గెడ తీసుకుని పడవలో నిలబడ్డారు. ముసలతను సీసాలో నూనె వంచి ఆయన చేతులకు రాశాడు. చేపల గంపతో వచ్చిన ఒకావిడ అరిచింది.

"ఏమయ్యో, నిద్రపోతన్నావా? అవతల బస్సు పోద్ది!"

మా ఇంట్లో ఎవరైనా ఆ మాటంటే చెంప పగిలేది.

"వస్తన్నా తల్లీ, ఎక్కెక్కు!" అని ఆయన నవ్వారు. పళ్ళన్నీ కనబడేట్టు. ఆ నవ్వు నేను ఒక్కనాడూ ఎరగను.

ఏడుపొచ్చింది. ఆడదైతే జుట్టు పట్టుకుని ఈడ్చేదాన్ని. ఏటిని ఏం పట్టుకుని ఈడ్చను? నేను లేని చోటే ఆయనకు హాయి. చిన్నిల్లయినా అంత మండేది కాదేమో.

ఆయన కంటపడకుండా వెనక్కొచ్చి రైలెక్కాను. పొద్దున వచ్చేటప్పుడు కోపంలో గమనించుకోలేదు, ఒంటరిగా రైలెక్కడం నాకదే మొదలు. కిటికీ పక్కన కూర్చున్నాను. ఉడకబెట్టిన వేరుశనక్కాయలు కొని, ఎవరికీ పెట్టకుండా మొత్తం నేనే తిన్నాను. వేమూరు దాటేసరికి ఎదురుగా ఉన్న ముసలమ్మ నన్ను ఎగాదిగా చూసింది. అప్పుడు తెలిసింది, కూనిరాగం తీస్తున్నానని.

ఇక మంగళవారాలు నేను బాపట్ల వెళ్ళడం మొదలుపెట్టాను. గుడిలో మొక్కుందని ఇంట్లో చెప్పాను. వెళ్ళింది సూర్యలంక. సముద్రంలో కాళ్ళు పెట్టుకుని కూర్చోవడం, అంతే. చేపలమ్మే ఆవిడ అడిగేది. "ఏంటమ్మా, ఒంటిగా వచ్చావా? ఇంట్లో గొడవా?" లేదమ్మా, హాయిగా ఉందంటే నమ్మేది కాదు. నమ్మకపోవడంలో ఆవిడా నాలాంటిదే.

కొన్నాళ్ళకు మా ఆయన వాలకం మారింది. "ఏ దేవుడికే ఇన్ని మొక్కులు?" అనేవారు. నా చీర కుచ్చిళ్ళలో ఇసుక చూసి, వేళ్ళతో నలిపారు.

ఆ పై మంగళవారం, గట్టుకు లాగిన నావ వెనకాల నల్ల గొడుగొకటి కదిలింది. పనిరోజున కొట్టు మూసుకుని, చెమటలు కక్కుతూ, ఇసుకలో చెప్పులు ఈడ్చుకుంటూ ఆయన నా వెనకాల వచ్చారు! నా గుండె ఆగినంత పనైంది. భయంతో కాదు.

తల తిప్పకుండానే అన్నాను. "ఎండలో నిలబడ్డం దేనికండీ, వచ్చి కూర్చోండి. రేవులో అలవాటేననుకోండి."

మెల్లగా వచ్చి పక్కన కూలబడ్డారు. నా మొహంలోకి, తన అరచేతుల్లోకి మార్చి మార్చి చూశారు. తర్వాత నవ్వారు, పళ్ళన్నీ కనబడేట్టు.

శనక్కాయల పొట్లం విప్పి సగం ఆయన వైపు జరిపాను.