నిమ్మకాయల కింద బ్రేకు లైటు

“బ్రేకు లైటు వెలగని బండి మా ఆడవాళ్లను ఎక్కించనురా, కోటేశూ.”

“దిష్టి తగిలింది పిన్నీ! రేపు ఇంకో నిమ్మకాయ కడతాగా.”

“ఇప్పటికే మూడున్నాయి. ఇంకోటి కడితే పచ్చడి పెట్టుకోవచ్చు.”

సత్తెనపల్లి దగ్గర మిరపకోతల ముఠాకు నేను మేస్త్రిగా ఉన్న రోజులవి. మేస్త్రి అంటే పొద్దున ఆడవాళ్లను పోగుచేసి చేలోకి తీసుకుపోవాలి, సాయంత్రం ప్రాణాలతో ఇళ్లకు చేర్చాలి. మా అక్క కొడుకు కోటేశు పాత ఆటో ముందు భాగానికి ఇనప తొట్టి అతికించి బండి చేయించాడు. రంగు లైట్లు, అద్దాలు, పాటల పెట్టె అన్నీ అమర్చాడు. బ్రేకు తొక్కితే వెనక వెలగాల్సిన ఎర్రలైటు మాత్రం దానికి బుద్ధిపుట్టినప్పుడు వెలిగేది. ముందురోజు మునిమాపున పత్తి లారీ ఒకటి తొట్టికి తగిలినంత పనిచేసి ఆగింది. చివర కూర్చున్న రమణమ్మ కాళ్లు పైకి లాక్కోబట్టి సరిపోయింది.

కోటేశును కరెంటు పనిచేసే మస్తాన్ దగ్గరికి లాక్కుపోయాను. మస్తాన్ బల్బు జోలికి పోలేదు; దాని పక్కన తీగల అతుకు చూశాడు. దిష్టికాయలు సరిగ్గా దాని మీదే వేలాడుతున్నాయి. గుచ్చిన కాయల రసం కారి, టేపు లేని రాగితీగ పచ్చగా చిలుము పట్టింది. లైటు ఆరినప్పుడల్లా కోటేశు ఇంకో కాయ కట్టాడు. కాయ కట్టినప్పుడల్లా లైటు ఇంకాస్త ఆరింది.

“తగిలింది దిష్టి కాదన్నా, పులుపు,” అన్నాడు మస్తాన్. చిలుము గీకి, తీగ మెలేసి, టేపు చుట్టాడు.

కాయలు తీసెయ్యమన్నాను.

“ఏమన్నా అయితే నీదే పూచీ పిన్నీ!”

“ఇన్నాళ్లూ నిమ్మకాయ పూచీ పడిందట్రా?”

మేస్త్రి పనిలో నాకు తెలిసొచ్చింది ఒకటే. నడిపేవాడికి తన వెనక లైటు కనపడదు. అందుకని దాన్ని దేవుడికి వదిలేస్తాడు. వెనక కూర్చునేవాళ్లే చూసుకోవాలి.

మర్నాడు పొద్దున్నే బండి వచ్చింది. ఒక్కరూ ఎక్కలేదు.

“దిష్టికాయ లేని బండేంటి పెద్దమ్మా!” అంది, అందరికంటే ముందు, రమణమ్మ.

నేనే ఎక్కి చివర కూర్చుని పోనిమ్మన్నాను. కాస్త దూరం పోయాక బ్రేకు తొక్కమన్నాను. నా కాళ్ల పక్కన ఎర్రగా వెలిగింది. మళ్లీ తొక్కమన్నాను, మళ్లీ వెలిగింది. రమణమ్మ క్యారేజీ చంకన పెట్టుకుని వచ్చి ఎక్కింది. మిగతావాళ్లూ ఎక్కారు. చివరి చోటు మాత్రం నాకే వదిలేశారు.