కవరు తీయని పరుపు

లారీల భద్రత తనిఖీ చేసే పెద్దాయన డ్రైవర్ల మాట నమ్మడు. "నిద్రపోయావా?" అంటే ఏ కంపెనీలోనైనా చిలకపలుకే: "హాయిగా పడుకున్నా సార్!" అందుకే క్యాబిన్ ఎక్కి, సీటు వెనక పరుపు తడిమి చూస్తాడు. మనిషి కన్నా పరుపే నయం, అబద్ధమాడదు.

పోయిన వానాకాలం లోయలోంచి తీసిన లారీ నుజ్జునుజ్జయింది. పరుపు మీద కొన్ననాటి ప్లాస్టిక్ కవరు మాత్రం నలగలేదు. ఆ డ్రైవరూ బయల్దేరేముందు ఆయనకు అదే జవాబు చెప్పాడు; ఆరోజు ఆయన పరుపు చూడకుండా మాట నమ్మి పంపేశాడు.

ఇప్పుడు కళ్లు మూస్తే చాలు, ఆ కవరు చెవిలో గరగరలాడుతుంది.

పొద్దున్నే భార్య అడిగింది. "ఏమండీ, రాత్రి కాస్తయినా కునుకు పట్టిందా?"

"హాయిగా పడుకున్నానే!"

ఆవిడ గదిలోకెళ్లి ఆయన పక్క తడిమి చూసింది. దుప్పటి మడత విప్పనేలేదు.